తప్పిపోయిన జీవాల జాడ పట్టేలా కుక్కపిల్లకు నేర్పడం ఎలా?

సందేహం: మాకు 70 గొర్రెలు, పది మేకలు ఉన్నాయి. సాయంత్రం మంద తోలుకొచ్చేటప్పుడు ఒకటీ రెండూ సర్కారు తుమ్మ కంపల్లో వెనకబడిపోతున్నాయి. వెతికేసరికి చీకటి పడుతోంది. రెండున్నర నెలల నాటు కుక్కపిల్లను తెచ్చుకున్నాం. జాడ పట్టడం దీనికి ఇప్పుడే నేర్పొచ్చా? ఏడాది నిండాలని కొందరు, మాంసం ముక్క ఈడ్చి దాని వెంట వదలాలని కొందరు అంటున్నారు. ముధోల్ జాతిదైతే బాగుండేదా?
– ఒక గొర్రెల పెంపకందారు, కల్యాణదుర్గం, అనంతపురం జిల్లా

సమాధానం: ఏడాది దాకా ఆగకండి, ఈ వారమే మొదలుపెట్టండి. వాసన చూడటం దానికి పుట్టుకతోనే వచ్చు. ఏ వాసన వెంట వెళ్తే మీరు మెచ్చుకుంటారో అదొక్కటే మీరు నేర్పాలి. ముధోల్ కోసం బెంగ వద్దు. అది కంటితో చూసి, పరుగెత్తి పట్టే వేటకుక్క. కంపలో నక్కిన గొర్రెను వెతకడానికి మీ నాటు కుక్కే నయం.

ముందు టీకాల సంగతి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో, డిస్టెంపర్ జబ్బుల టీకా తొలి మోతాదు వేయించకపోతే వెంటనే వేయించండి, మూడు నాలుగు వారాల తేడాతో బూస్టర్లు తప్పనిసరి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా. ఈ వరస పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోటికి తీసుకెళ్లకుండా మీ పొలంలోనే నేర్పండి.

పొద్దున్నే, తిండి పెట్టకముందు, మంద తొక్కని చోట గజం మేర నేలను కాళ్లతో బాగా తొక్కండి. ఉడికించిన కాలేయాన్ని గోరంత ముక్కలు చేసి అందులో చల్లి పిల్లను వదలండి. ముక్కు నేలకు పెట్టి ఏరుకుంటుంది. అప్పుడు మీరు మాట్లాడొద్దు, వేలు చూపొద్దు. నాలుగు రోజులయ్యాక తిన్నగా పది పదిహేను అడుగులు నడిచి, ప్రతి అడుగుజాడలో ఒక ముక్క, చివర గుప్పెడు పెట్టండి. గాలి మీ వీపు వైపు నుంచి వీచాలి. ఎదురుగాలి అయితే పిల్ల తల పైకెత్తి చివరనున్న తిండి వాసన పట్టేసి నేరుగా అక్కడికే పరుగెడుతుంది, అడుగులను వదిలేస్తుంది. కుదిరాక రెండు అడుగులకొకటి, తర్వాత ఐదింటికొకటి చొప్పున ముక్కలు తగ్గించండి. ఆపైన ఒక మలుపు. ఆ తర్వాత నడిచిన పది నిమిషాలకు, అరగంటకు వదలడం.

మాంసం ఈడ్చే పద్ధతికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఈడిస్తే అది మాంసం వాసనే నేర్చుకుంటుంది. ఇక్కడ తిండి క్రమంగా తగ్గిపోయి అడుగుల వాసన మిగులుతుంది.

నడిచిన దారిలో రాళ్లో పుల్లలో గుర్తు పెట్టుకోండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: జాడ తమకే గుర్తుండక, సరిగ్గా వెళ్తున్న కుక్కను పక్కకు లాగేస్తారు. తాడు మెడకు కాకుండా ఛాతీ బెల్టుకు కట్టండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు, దానికింకా ఉత్సాహం ఉండగానే ఆపేయాలి. మిట్టమధ్యాహ్నం అసలు వద్దు. ఎండిన వేడి నేల మీద వాసన తొందరగా పోతుంది, నోరు తెరిచి రొప్పే కుక్క సరిగా పసిగట్టలేదు కూడా.

ఐదారు నెలల వయసొచ్చాక గొర్రెతో మొదలుపెట్టండి. ఇంట్లో ఒకరు ఒక గొర్రెను మేపని బీడు మీదుగా నడిపించుకెళ్లి కంప చాటున కట్టేయాలి. మీరు పొడవాటి తాడుతో కుక్కను ఆ జాడ మీద వదలండి. గొర్రెను చేరగానే మీ చేత్తో తిండి పెట్టండి. గొర్రె మీదికి ఉరికితే మాత్రం తాడు బిగబట్టి వెనక్కు తీసుకురండి, తిండి లేదు. తరమడం ఒక్కసారి రుచి మరిగితే మాన్పించడం చాలా కష్టం.

మంద అంతా తొక్కిన దారిలో ఫలానా గొర్రె జాడనే విడదీయమంటే అది బాగా తర్ఫీదైన కుక్కల పని. మీరు మంద దారికి పక్కగా, గాలికి ఎదురుగా నడిపిస్తే కంపల్లోంచి వచ్చే వాసనను పట్టుకుంటుంది. మీ అవసరానికి అది చాలు.

కాలేయం ఉడికించమన్నది రుచి కోసం కాదు. నీటి తిత్తులు (పురుగు పిల్లలుండే నీటి బుడగలు) ఉన్న పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు, తలకాయ తింటే కుక్క కడుపులో బద్దె పురుగులు చేరతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో మేతలో పడి మళ్లీ మీ జీవాలకే తిత్తులొస్తాయి, మెదడులో వస్తే గొర్రె గుండ్రంగా తిరుగుతుంది. కొన్ని రకాల తిత్తులు మనుషులకూ వస్తాయి. ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు ఎప్పుడెప్పుడు, ఎంత ఇవ్వాలో పశువైద్యుణ్ణి అడగండి.

కుక్క పనికొచ్చేసరికి మరో ఆరేడు నెలలు పడుతుంది. ఈలోగా వెనకబడే అలవాటున్న జీవాల మెడలో గంట కట్టండి.