గోధుమ జన్యుశాస్త్రం చదివితే మన ప్రాంతంలో పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరంలో ఉంది. గోధుమలో పత్రహరితం లోపించే ఉత్పరివర్తనాలు (జన్యువుల్లో వచ్చే మార్పులు) ఎలా సంక్రమిస్తాయన్న అంశంపై సెమినార్ ఇచ్చినప్పటి నుంచి, ఎమ్మెస్సీలో జన్యుశాస్త్రమే చదువుతానంటోంది. గోధుమ అంతగా పండని మన దగ్గర ఈ చదువుకు విలువ ఉంటుందా? (ఒక తండ్రి, కరీంనగర్ జిల్లా)

జవాబు: ఉంటుందండి. మీ అమ్మాయిని ఆకట్టుకున్నది గోధుమ పంట కంటే అందులోని జన్యువుల లెక్క అయి ఉంటుందని నా అభిప్రాయం.

రొట్టె గోధుమలో మూడు పూర్వజాతుల నుంచి వచ్చిన ఎ, బి, డి అనే మూడు జన్యుసముదాయాలు (జన్యువుల పూర్తి సెట్లు), మొత్తం 42 క్రోమోజోములు ఉండటం వల్ల, చాలా జన్యువులకు మూడేసి ప్రతులుంటాయి. ఒకటి చెడినా మిగిలినవి ఆ పనిని నెట్టుకొస్తాయి. అందువల్ల, మూడింటిలో ఒకటి ముందే పనిచేయక, మిగిలిన రెండు ప్రతులూ చెడితేనే మొలక తెల్లబడే సంకరణంలో రెండో తరంలో పచ్చ, తెల్ల మొలకలు 15:1గా, మూడూ చెడితేనే తెల్లబడేచోట 63:1గా వస్తాయి. స్వీడన్‌లో నిల్సన్-ఎలె అనే శాస్త్రవేత్త 1909లో గోధుమ గింజ ఎర్ర రంగులో చూపిన నిష్పత్తి కూడా 63:1. 63:1 వచ్చేచోట ఒక్క తెల్ల మొలకైనా కనిపించే అవకాశం 95 శాతం ఉండాలంటే కనీసం 191 మొక్కలు పెంచాలి. పైగా తెల్ల మొలక గింజలోని నిల్వ అయిపోగానే చనిపోతుంది కాబట్టి, ఆ లోపాన్ని పైకి పచ్చగా కనిపించే తోబుట్టు మొక్కల సంతానంలోనే వెతకాలి. 7ఎ, 7బి, 7డి క్రోమోజోముల మీద ఉండే క్లోరినా అనే, పత్రహరితం తయారీకి సంబంధించిన జన్యువులది ఇంకా చిక్కైన వ్యవహారం: వాటిలో లోపం వస్తే మొక్క తెల్లబడకుండా లేత పసుపుపచ్చగా బతుకుతుంది, పనిచేసే ప్రతుల మోతాదును బట్టి ఆ రంగు తీవ్రత మారుతుంది.

ఇప్పుడు మన పొలాలను చూడండి. పత్తికి 52, వేరుశనగకు 40 క్రోమోజోములు. రెండింటిలోనూ రెండేసి జన్యుసముదాయాలున్నాయి. గోధుమలో ఈ విశ్లేషణ నేర్చినవారు అక్కడ కొత్తగా అక్షరాలు దిద్దుకోనక్కరలేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వేరుశనగ మీద పనిచేస్తోంది. హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన సంస్థలకు కొదవ లేదు.

ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా న్యూఢిల్లీలోని ఐఏఆర్ఐ (భారత వ్యవసాయ పరిశోధన సంస్థ) వంటిచోట సీటుకు ప్రయత్నించమనండి. శాస్త్రవేత్త ఉద్యోగమే లక్ష్యమైతే ఎమ్మెస్సీ రెండేళ్ల తరువాత పీహెచ్‌డీ కూడా చేయాల్సి ఉంటుంది, అన్నాళ్లూ ఫెలోషిప్ మీదే నెట్టుకురావాలి. ఇంటికి వెంటనే ఆదాయం అవసరమైతే వ్యవసాయాధికారి పోస్టుకు బీఎస్సీ అగ్రికల్చర్ అర్హత సరిపోతుంది. ఆ పరీక్షకు తయారవడం తప్పేమీ కాదు.

నిర్ణయానికి ముందు ఆమె తన అధ్యాపకుల అనుమతితో, లక్షణాలు విడిపోతున్న తరం మొక్కలను ఒక సీజన్ పాటు స్వయంగా లెక్కించి, కై-వర్గ పరీక్ష (లెక్కించిన సంఖ్యలు ఊహించిన నిష్పత్తికి సరిపోతున్నాయో చూసే గణాంక పరీక్ష) చేసి చూడాలి. ఎండలో నిలబడి మొలకలు లెక్కపెట్టే ఓపిక, వచ్చిన అంకె ఊహకు అందనప్పుడు మళ్లీ విత్తే పట్టుదల ఉన్నాయో లేదో అక్కడే తెలుస్తుంది. ఉన్నాయని ఆమెకు అనిపిస్తే, దయచేసి అడ్డు చెప్పకండి.