‘మొట్టమొదటి’ అని రాసే ముందు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా చరిత్రలో పేరుపొందిన పండుగలూ ఆటలూ ఎలా పుట్టాయో, ఆయా రంగాల్లో తొలి అడుగు వేసినవారు ఎవరో తెలుగు పాఠకులకు వరుసగా చెప్పాలన్న నీ సంకల్పం నాకు నచ్చింది. పంపిన తొలి వ్యాసం శ్రద్ధగా చదివాను. చదివించే గుణం నీ భాషలో ఉంది. అయితే “1621లో ప్లిమత్‌లో మొట్టమొదటి థాంక్స్‌గివింగ్ జరిగింది” అన్న ప్రారంభ వాక్యం దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. థాంక్స్‌గివింగ్ అంటే అమెరికన్లు ఏటా నవంబరులో జరుపుకునే కృతజ్ఞతా పండుగ; ప్లిమత్ నేటి మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇంగ్లీషు వలసదారులు వెలయించిన ఊరు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ వాక్యాన్ని పట్టుకునే చెబుతాను.

ఆ శరదృతువులో అక్కడ విందు జరిగిన మాట నిజమే. ఆ విందును గురించి మనకున్న ముఖ్యమైన సాక్ష్యం, ఆ వలస ఊరిలోనే ఉన్న ఎడ్వర్డ్ విన్‌స్లో అదే ఏడాది డిసెంబరులో రాసిన ఉత్తరంలోని కొద్ది వాక్యాలు. పంట ఇంటికి చేరాక గవర్నరు నలుగురిని పక్షుల వేటకు పంపాడనీ, ఆ ప్రాంతపు ఆదివాసులైన వాంపనోగ్‌ల నాయకుడు మసాసాయిట్ సుమారు 90 మందితో వచ్చాడనీ, మూడు రోజుల పాటు విందు సాగిందనీ, వచ్చినవారు ఐదు జింకలను వేటాడి తెచ్చారనీ ఆయన రాశాడు. అది కృతజ్ఞతా దినమని మాత్రం ఎక్కడా అనలేదు. ఆ వలసదారుల ఆచారంలో కృతజ్ఞతా దినమంటే ప్రార్థనకు కేటాయించిన రోజు. 1623లో అనావృష్టి తీరి వాన కురిసినప్పుడు వారు అటువంటి దినం పాటించారు కూడా. ఇక నీ వ్యాసంలో బల్ల నడుమ నిగనిగలాడుతున్న టర్కీ సంగతి. ఆ రోజుల్లో అడవి టర్కీలు సమృద్ధిగా దొరికాయని ఆ ఊరి గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ వేరొక చోట రాశాడు గనుక ఆ మాంసం విందులో ఉండి ఉండవచ్చు. కానీ నీ వర్ణన 17వ శతాబ్దానిది కాదు, 19వ శతాబ్దపు బొమ్మలలోనిది.

మరి ఆ విందు ‘మొదటిది’ ఎప్పుడయింది? 1841లో బోస్టన్ మతబోధకుడు అలెగ్జాండర్ యంగ్ విన్‌స్లో ఉత్తరాన్ని తన సంకలనంలో అచ్చువేస్తూ, ఇదే న్యూ ఇంగ్లండ్ (ప్లిమత్ ఉన్న ఈశాన్య అమెరికా ప్రాంతం) పండుగలో మొదటిదని పాదసూచికలో వ్యాఖ్యానించాడు. 220 సంవత్సరాల తరువాత, అదీ పేజీ అడుగున! ఇటువంటి చోటే రచయిత కళ్లు మెరవాలి. ప్రతి ఆరంభానికీ రెండు తేదీలుంటాయి: సంఘటన జరిగిన తేదీ ఒకటి, దానిని ఆరంభమని లోకం చెప్పుకోవడం మొదలుపెట్టిన తేదీ మరొకటి. ఈ రెండింటి మధ్య ఎవరికి ఏ అవసరం కలిగిందో వెతకడమే నీ పని.

ఆ అవసరాన్ని అందరికంటె గట్టిగా పట్టుకున్న మనిషి సారా జొసీఫా హేల్. నీ వ్యాసంలో ఆమెకు ఒక్క వాక్యం దక్కింది. నాకైతే ఆమె చుట్టూ వ్యాసమంతా తిరగాలనిపిస్తుంది. ఐదుగురు పిల్లలతో వితంతువైన ఆమె కలాన్ని నమ్ముకుని, ‘గోడీస్ లేడీస్ బుక్’ అనే మహిళల పత్రికకు సంపాదకురాలై, విడిపోతున్న రాష్ట్రాలన్నిటినీ ఒకే రోజున భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాలన్న పట్టుదలతో గవర్నర్లకూ అధ్యక్షులకూ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసింది. 1863 సెప్టెంబరు 28న అధ్యక్షుడు లింకన్‌కు రాసేటప్పటికి ఆమె వయస్సు 74. దేశమంతా ఒకే రోజున కృతజ్ఞతా దినం పాటించాలన్న లింకన్ ప్రకటన అక్టోబరు 3న వెలువడింది. అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు జరిగి మూడు నెలలే అయిన ఆ సమయంలో, పండిన పొలాలను గురించీ, వితంతువులూ అనాథలను గురించీ మాట్లాడిన ఆ ప్రకటనలో ప్లిమత్ ఊసే లేదు. నీవు సంక్రాంతితో పోల్చిన పేరా ఉంచుకో, 1621 నాటి కోతల విందుకు అది కొంత సరిపోతుంది. కానీ నేటి సెలవు పొలంలో పుట్టలేదు, అంతర్యుద్ధంలో పుట్టింది.

వాంపనోగ్‌లను నీవు అతిథులుగా ప్రవేశపెట్టి, విందు ముగియగానే పంపించివేశావు. ప్లిమత్ వెలసిన నేల పటుక్సెట్ అనే వారి ఊరు. 1616–19 మధ్య వచ్చిన మహమ్మారి దానిని నిర్మానుష్యం చేసింది. వలసదారులకు మొక్కజొన్న సాగు నేర్పిన టిస్క్వాంటమ్ ఆ ఊరివాడే. 1614లో ఒక ఇంగ్లీషు నావికుడు అతనిని అపహరించి స్పెయిన్‌లో అమ్మడానికి తీసుకుపోయాడు. తిరిగి వచ్చేసరికి ఊరు లేదు. మసాసాయిట్ కొడుకు మెటకామ్ 1676లో యుద్ధంలో చనిపోతే అతని తలను అదే ప్లిమత్‌లో ఏళ్ల తరబడి ప్రదర్శనకు ఉంచారు. 1970 నుంచి ఆదివాసులు కొందరు అక్కడే థాంక్స్‌గివింగ్ నాడు సంతాప దినం పాటిస్తున్నారు. ఇది చెప్పడానికి ఆవేశపడనక్కర లేదు, తేదీలను పక్కపక్కన ఉంచితే చాలు.

తరువాతి వ్యాసం బేస్‌బాల్ మీద అన్నావు. 1839లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో, తరువాత సైన్యాధికారి అయిన ఆబ్నర్ డబుల్‌డే ఆ ఆటను కనిపెట్టాడని 1907లో ఒక సంఘం తేల్చింది; ఆ ఏడాది అతడు వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో విద్యార్థి. ఇంగ్లండులో 1744 నాటికే ఆ ఆట పేరు అచ్చులో ఉంది. అమెరికా ఆట అమెరికాలోనే పుట్టాలన్న కోరిక ఆ తీర్పును రాయించింది. రెండు తేదీల పద్ధతి ఇక్కడ నీకు సులభంగానే పట్టుబడుతుంది.

తొలి అడుగు వేసిన మార్గదర్శకుల విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావును ‘అమెరికా వెళ్లిన మొట్టమొదటి తెలుగువాడు’ అనాలని నీకు ఉబలాటంగా ఉన్నట్టుంది. రుజువు చేయలేని ఆ బిరుదు ఆయనకు అక్కరలేదు. భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని 1923లో ఆ దేశపు సుప్రీం కోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది. ఆ తలుపు 1946 చట్టంతో గాని తెరుచుకోలేదు. సుబ్బారావు హార్వర్డ్‌లోనూ లెడర్లీ మందుల సంస్థ ప్రయోగశాలలోనూ పనిచేసిన కాలంలో ఎక్కువ భాగం ఆ తలుపు మూసే ఉంది. 1948లో చనిపోయేదాకా ఆయన పౌరసత్వం తీసుకోలేదు. బిరుదు కొట్టివేసి ఈ నేపథ్యం రాయి.

వ్యాసాన్ని 1863లో, హేల్ ఉత్తరం రాస్తున్న చోట మొదలుపెట్టి, అక్కడినుంచి 1841కీ 1621కీ వెనక్కి నడిపించి చూడు. ముగింపు కోసం వెతుక్కోకు: నవంబరు నాలుగో గురువారమని కాంగ్రెస్ చట్టం చేసింది 1941 డిసెంబరులో, దానితో ఆపేయవచ్చు. తిరగరాసిన ప్రతి దీపావళిలోగా పంపితే థాంక్స్‌గివింగ్‌కు ముందే చూసి ఇస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి