ఒంగోలులో కర్నూలు రోడ్డుకు ఆ పేరెందుకు?

"కర్నూలు ఎక్కడ, ఒంగోలు ఎక్కడ? ఈ రోడ్డుకు ఆ పేరెందుకు?" అని అడిగారు. దారి మారకుండా వెళితే నిజంగానే కర్నూలు చేరతారు కాబట్టి. చీమకుర్తి, పొదిలి, కొనకనమిట్ల, మార్కాపురం, పెద్దదోర్నాల; అక్కడ నల్లమల దాటితే ఆత్మకూరు (నెల్లూరు వైపు ఆత్మకూరు కాదు), నందికొట్కూరు, ఆపైన కర్నూలు.

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఈ దారి వెంట మూడు జిల్లాలు తగిలేవి. ఒంగోలు గుంటూరుది, పొదిలి నెల్లూరుది, మార్కాపురం కర్నూలుది. 1972లో జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఆయన 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయినప్పుడు రాజధాని కర్నూలే. అంటే 1956 దాకా ఇది రాజధానికి వెళ్లే రోడ్డు.

మాది మార్కాపురం. మా తాతయ్య "జిల్లాకు వెళ్లాలి" అన్నారంటే కర్నూలుకని అర్థం. కలెక్టరాఫీసు ఒంగోలుకు మారి ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట మారలేదు; ఒంగోలును మాత్రం ఒంగోలనే అనేవారు.

చదువుకునే రోజుల్లో నెలకోసారి ఈ దారినే ఇంటికి వెళ్లేవాణ్ణి. చీమకుర్తి దగ్గర గెలాక్సీ గ్రానైటు లారీలు ఎదురయ్యేవి. ఒక్కో దిమ్మె మీద ఎర్రరంగుతో అంకెలు. ఆ నల్లరాతిలో బంగారు చుక్కలుంటాయని పేరేగానీ, పాలిష్ పట్టేదాకా అది మామూలు బండే. కిటికీ సీటు దొరికిన సంబరం ఆ దుమ్ముతో సరి. పొదిలిలో టీ. తర్వాత చాలాసేపు మెట్టపొలాలే, నేనైతే నిద్రపోయేవాణ్ణి. మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల దగ్గర పనికిరాని ముక్కలు దిబ్బలుగా పోసి ఉంటాయి. వాన వెలిసిన సాయంత్రం చేప పొలుసుల్లా మెరుస్తాయి. మంచి పలకలు చట్రం కట్టుకుని ఊళ్లు దాటిపోయేవి. మేము మాత్రం అంచులు గరుకుగా ఉన్న ఆ ముక్కల మీదే అక్షరాలు దిద్దుకున్నాం.

మొత్తం దారి చూడాలనుకుంటే ఒంగోలులో పొద్దున్నే బయలుదేరండి. పులుల అభయారణ్యం కావడంతో దోర్నాల అవతల అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఒకసారి మేము ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాం. బతిమాలినా వదల్లేదు, వదలకపోవడమే న్యాయం. కారులోనే ముడుచుకుని పడుకున్నాం. తెల్లవారి గేటు ఎత్తేసరికి మా వెనక లారీల వరుస ఊళ్లోదాకా ఉంది.