ఎక్కాల సాఫ్ట్‌వేర్‌తో క్లాసు మొదలుపెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. పిల్లల చేత ఎక్కాలు, కూడికలు సాధన చేయించే సాఫ్ట్‌వేర్ బడికి తెస్తున్నారనీ, నాలుగో తరగతి బాధ్యత నీకే ఇచ్చారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందనీ రాశావు. చాలా ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, కంప్యూటర్ గదిలో పిల్లల వెనకాల నిలబడి చూసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ముందు ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకో. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కం నేర్పదు. అర్థమైన ఎక్కాన్ని అడగ్గానే గుర్తొచ్చేలా చేస్తుంది, ఎవరికి ఏది గుర్తు రావడం లేదో నీకు చూపిస్తుంది. ఎందుకు రావడం లేదో కనుక్కుని నేర్పాల్సింది నువ్వే.

అంత వేగం ఎందుకని తల్లిదండ్రులు నిన్ను అడుగుతారు. వాళ్లకు 348ని 7తో గుణించి చూపించు. ఏడెనిమిదులు 56, 6 వేసి 5 గుర్తుంచుకోవాలి. తర్వాత ఏడు నాలుగులు 28, దానికి ఆ 5 కలపాలి. 7 × 8 ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకునే పిల్లవాడు 56 దగ్గరికి వచ్చేసరికి తాను లెక్కలో ఎక్కడున్నాడో మరిచిపోతాడు. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది చాలా కొద్ది. అదంతా చిన్న గుణకారానికే ఖర్చయిపోతే పెద్ద లెక్కకు ఏమీ మిగలదు. భాగహారంలో, భిన్నాల్లో వెనకబడ్డ పిల్లల్లో చాలామందికి భిన్నాలు అర్థం కాకపోవడం కాదు, ఈ చిన్న లెక్కలు ఊపిరాడనివ్వకపోవడమే అసలు ఇబ్బంది.

అందుకని మొదటి రోజే ట్యాబులు చేతికివ్వకు. ఆర్థర్ బరూడీ అనే పరిశోధకుడు ఈ చదువును మూడు మెట్లుగా చెప్పాడు. మొదట పిల్లలు ఒక్కొక్కటే లెక్కపెడతారు. తర్వాత తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని రాబడతారు. ఆ తర్వాతే చటుక్కున గుర్తొస్తుంది. సాఫ్ట్‌వేర్ మూడో మెట్టుకు పనికొచ్చే సాధనం. నడిమి మెట్టు ఎక్కని పిల్లను దాని ముందు కూర్చోబెడితే మరింత వేగంగా వేళ్లు లెక్కపెట్టడం నేర్చుకుంటుంది, అంతే. 8 + 5 అడిగితే 8కి 2 కలిపి 10, ఇంకా 3 కలిపి 13 అనగలగాలి. 6 × 7 రాకపోతే ఐదేళ్లు 35, ఇంకో 7 కలిపితే 42 అని చెప్పగలగాలి. 9 × 8కి 80లోంచి 8 తీసెయ్యాలి. ఇవి బోర్డు మీద, చుక్కల గళ్లతో, నోటి మాటతో నువ్వే చెప్పాలి. ఒక వారం పట్టినా పట్టనీ.

పిల్లలకు ఇంకొకటి కూడా చూపించు, వాళ్ల భయం సగం తగ్గుతుంది. 1 నుంచి 10 వరకు ఎక్కాల్లో 100 గుణకారాలు ఉన్నాయి కదా. 3 × 8, 8 × 3 ఒకటేనని తెలిస్తే 55 మిగులుతాయి. ఒకటో ఎక్కం, పదో ఎక్కం ఎవరికైనా వచ్చేవే, తీసేస్తే 36. రెండు, ఐదు కూడా తేలిక, తీసేస్తే 21. తొమ్మిదో ఎక్కానికి పైన చెప్పిన పద్ధతి ఉంది, అదీ పోతే మిగిలేవి 15. గోడ మీద గళ్ల పట్టిక గీసి వచ్చినవాటికి రంగు వేయించు. తెల్లగా మిగిలిన గళ్లే మన పని అని పిల్లలకే తెలుస్తుంది.

మనం ఎక్కాలు వరసగా వల్లించి నేర్చుకున్నవాళ్లం. ఆ వల్లింపును నేను తక్కువ చేయను, అది చెవికి పడుతుంది, నాలుకకు పడుతుంది. కానీ వరసలో మాత్రమే వచ్చిన పిల్ల ఏడెనిమిదులు అడిగితే ఏడో ఎక్కం మొదటి నుంచి మనసులో చదువుకుంటూ వస్తుంది. సాఫ్ట్‌వేర్ అడిగేది వరస తప్పించి. వల్లింపు ఇవ్వలేనిది అదే ఇస్తుంది. అందుకే వల్లించడంలో ముందుండే పిల్లలు కొందరు మొదటి వారం తెర ముందు వెనకబడి బిక్కమొహం వేస్తారు. వాళ్లను దగ్గరకు తీసుకుని, ఎక్కం వచ్చుననీ, ఇక ఎక్కడి నుంచి అడిగినా చెప్పడమే మిగిలిందనీ చెప్పు.

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్నది మీ బడి ఇంకా తేల్చలేదని రాశావు. కంప్యూటర్‌తో లెక్కల సాధన 1960లలోనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రిక్ సపీస్ బృందం బడిపిల్లలకు చేయించింది, కాబట్టి కొత్తదనం చూసి మోసపోవద్దు. బొమ్మలు ఎంత బాగున్నాయని కాదు, నువ్వే ఐదు నిమిషాలు ఆడి, ఆ ఐదు నిమిషాల్లో ఎన్ని లెక్కలు చేశావో చూడు. కోటలు కట్టడానికీ, బట్టలు మార్చడానికీ నాలుగు నిమిషాలు పోయి లెక్కలకు ఒక్క నిమిషం మిగిలితే అది నీ క్లాసుకు వద్దు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేది కూడా వద్దు, చూసి గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు. పిల్ల జవాబు తనే టైప్ చెయ్యాలి. తప్పు కొడితే సరైన జవాబు అప్పుడే చూపించాలి, కాసేపటికి అదే లెక్క మళ్లీ అడగాలి. వచ్చినదాన్ని మాత్రం రోజు, మూడు రోజులు, వారం అంటూ ఎడం పెంచుతూ అడగాలి. మరపు ఎంత త్వరగా వస్తుందో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే కొలిచి చూపించాడు. సెబాస్టియన్ లైట్‌నర్ 1970లలో ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు రాసిన కార్డుల పెట్టెతో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి కూడా ఇదే. పరికరాలు తక్కువైతే సగం క్లాసుకు ఆ కార్డులు పెట్టు, ఏమీ తగ్గదు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ పిల్లకు ఏ లెక్క ఎంతసేపు పట్టిందో విడివిడిగా చూపే రిపోర్టు ఉండాలి. మొత్తం శాతం మాత్రమే ఇచ్చేదైతే తీసుకోవద్దని చెప్పు.

మొదలుపెట్టాక చాలామంది గమనించని విషయం ఒకటుంది. యంత్రం కొలిచే సమయంలో పిల్ల ఆలోచనా ఉంది, వేళ్లు కీబోర్డు మీద అంకె వెతుక్కునే సమయమూ ఉంది. 42 తెలిసినా 4 ఎక్కడుందో వెతికే పిల్లను అది రానివాళ్లలో కలిపేస్తుంది. అందుకని మొదటి రెండు రోజులూ లెక్కలే ఇవ్వకు. తెర మీద అంకె కనిపిస్తుంది, అదే అంకె కొట్టాలి, అంతవరకే. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ పరీక్ష వాటికవే పెడతాయి. లేకపోతే కాగితం మీద అంకెలు రాసిచ్చి కొట్టించు. సాధారణంగా మూడు సెకన్లలోపు జవాబు వస్తే గుర్తున్నట్టు లెక్కేస్తారు. చెయ్యి నెమ్మదిగా ఆడే పిల్లకు ఆ హద్దు పెంచు. ఇందులో మొహమాటం అక్కర్లేదు, మనం కొలవాల్సింది వేళ్లను కాదు కదా.

రోజుకు 10 నిమిషాలు చాలు, కానీ రోజూ జరగాలి. వారానికోసారి గంట కూర్చోబెట్టడం దండగ. ఎక్కువసేపైతే ఆఖర్లో అందరూ ఊహించి కొట్టేస్తారు. తప్పు జవాబు మళ్లీ మళ్లీ కొడితే అదీ తలలో నాటుకుంటుంది.

ఇక రిపోర్టు. నీ సమయం అంతా ఇక్కడ పెట్టమంటాను. శాతాలు చూసి తృప్తిపడకు. 95 శాతం సరిగ్గా చేసిన పిల్ల ప్రతి జవాబుకూ ఎనిమిది సెకన్లు తీసుకుంటుంటే బల్ల కింద వేళ్లు కదులుతున్నాయన్నమాట. ఆమెకు మరింత సాధన ఇవ్వడం కాదు, రాబట్టే పద్ధతి నేర్పాలి. ఒక సెకనులోనే తప్పు కొట్టేవాడు వేరు. వాడు చదవకుండా కొడుతున్నాడేమో పక్కన కూర్చుని చూడు. చదివే కొడుతున్నాడంటే, 7 × 8కి ఎప్పుడూ 54 అంటున్నాడంటే, తొమ్మిదారుల జవాబు దీనికి అతుక్కుపోయింది. రెండింటినీ పక్కపక్కన రాసి 49కి 7 కలిపించు, 60లోంచి 6 తీయించు. అప్పుడు విడిపోతాయి. ఇంకొందరు నిన్నటి దాకా తడబడి ఇవాళ ఇంటి నుంచి నూటికి నూరు తెస్తారు. అన్నో అక్కో కొట్టి ఉంటారు. నిలదీయొద్దు, మర్నాడు క్లాసులో అవే లెక్కలు నీ ఎదురుగా చేయించుకుంటే సరిపోతుంది. రోజూ ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలిచి ‘ఇది నీకెలా వచ్చింది, చెప్పు’ అని అడగడం అలవాటు చేసుకో. ఆ ప్రశ్నకు జవాబు ఏ రిపోర్టులోనూ దొరకదు.

టైమర్ గురించి రాయకుండా ఉండలేను. గడియారం చూసి వణికే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది కొద్దే అన్నాను కదా, లెక్కల భయం ఆ కొద్దిపాటి చోటునే ఆక్రమిస్తుందని మార్క్ యాష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కిర్క్ అనే పరిశోధకులు 2001లో తమ ప్రయోగాల్లో చూపించారు. అలాంటి పిల్లకు వచ్చినది కూడా గుర్తు రాదు. వాళ్లకు టైమర్ కనిపించకుండా చెయ్యి, వెనకాల అది కొలుచుకుంటే కొలుచుకోనీ. మొదటి ర్యాంకు ఎవరిదో చూపించే పట్టిక గోడ మీద పెట్టనే వద్దు, నేను దీన్ని ఒప్పుకోను. పోయిన వారం తనకు తెల్లగా ఉన్న గడి ఈ వారం రంగు తేలిందా అన్నదే పిల్ల చూసుకోవాలి. నెలల తరబడి నువ్వు పక్కన కూర్చుని చెప్పినా చిన్న కూడికలు కూడా నిలవని పిల్ల ఉంటే మందబుద్ధి అనో సోమరి అనో అననివ్వకు. డిస్కాల్కులియా అనే, అంకెలూ లెక్కలూ పట్టుబడని ఇబ్బంది ఉండొచ్చు, నిపుణులకు చూపించమని తల్లిదండ్రులకు మెల్లగా చెప్పు.

గుణకారాలు కుదిరాక భాగహారానికి వేరే దండయాత్ర అక్కర్లేదు. 42ని 6తో భాగిస్తే ఎంత అంటే ఆరుని ఎంతతో గుణిస్తే 42 వస్తుందని అడుగు. తీసివేతనూ కూడికతో అలాగే కలుపు. పట్టిక నిండిన పిల్లను రోజూ అదే సాధనలో కూర్చోబెట్టకు. వారానికోసారి తిరగేస్తే నిలుస్తుంది. మిగతా రోజులు ఆ పది నిమిషాలు మంచి లెక్కల పజిల్ ఇవ్వు.

మొదటి నెల రిపోర్టు తీసి ఏ గళ్లు అందరికీ తెల్లగా మిగిలాయో నాకు రాసి పంపు. వాటిని ఎలా చెప్పాలో కలిసి ఆలోచిద్దాం.

ఆశీస్సులతో,
పెద్దనాన్న