వియన్నాలో ఉంటూ గూఢచారి నవల రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. కథకు పట్టు ఉంది. నీ కథానాయిక తొణకదు, అనవసరంగా నోరు విప్పదు. గూఢచారికి ఉండాల్సిన లక్షణమే అది. అయితే ఎంత వెతికినా వియన్నా మాత్రం కనిపించలేదమ్మా. స్టీఫెన్ చర్చి శిఖరం ఉంది, జెయింట్ వీల్ ఉంది, కాఫీహౌస్ ఉంది. రెండు రోజులు తిరిగి వెళ్ళిపోయే యాత్రికుడు కూడా ఇవి చూస్తాడు. అక్కడ కాపురం ఉంటున్న నువ్వు ఇంకేదో చెప్పాలి.

రెండో అధ్యాయం తీసుకో. నీ కథానాయిక ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని నెల రోజులు హాయిగా దాక్కుంటుంది. ఆస్ట్రియాలో అంత తేలికా? ఇల్లు మారిన మూడు రోజుల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి, ఆ ఫారం మీద ఇల్లు ఇచ్చినవారి సంతకం ఉండాలి. నువ్వు కూడా దిగిన వారంలోనే ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్ళి ఉంటావు. విసుగు పుట్టించే పని కదా అని నవల్లోంచి వదిలేశావు. నేనైతే ఆ సంతకం మీద ఒక అధ్యాయం మొత్తం నడుపుతాను. నమోదు చేసుకుంటే ఆమె జాడ ప్రభుత్వ రికార్డులకు ఎక్కుతుంది. చేసుకోకపోతే ఇంటి యజమాని నోరు మూసుకోవాలి. ఎందుకు మూసుకుంటాడు? డబ్బుకు ఆశపడా, ఎవరికైనా భయపడా? ఈ ప్రశ్న వేసుకోగానే నీకొక కొత్త పాత్ర దొరుకుతుంది. అతను నమ్మదగినవాడో కాదో తేలేదాకా పాఠకుడు పుస్తకం దించడు.

మెట్రోలో గేటు దూకి పారిపోయే ఘట్టం తీసెయ్యి. వియన్నా మెట్రోలో దూకడానికి గేట్లే లేవు! ఆ ఘట్టం నువ్వు చూసిన సినిమాల్లోంచి వచ్చింది. నువ్వు రోజూ ఎక్కే రైలు అంతకంటే మంచి ఘట్టం ఇస్తుంది. టికెట్ లేకుండా ఎవరైనా ఎక్కేయవచ్చు, కానీ మామూలు దుస్తుల్లో తనిఖీ చేసేవాళ్ళు ఏ పెట్టెలోనైనా ఉండవచ్చు. నీ కథానాయికను టికెట్ లేకుండా ఎక్కించు. ఇద్దరు మగవాళ్ళు పెట్టె చివర నుంచి మెల్లగా ఆమె వైపు నడిచి రానీ. వాళ్ళు జరిమానా వేయడానికి వస్తున్నారా, ఆమెను పట్టుకోవడానికా? తర్వాతి స్టేషన్ వచ్చేదాకా ఆమెకు తెలియదు, మనకూ తెలియదు.

ఊరి నియమాల్లోంచి ప్రమాదం పుట్టాలని నేను పట్టుపట్టేది ఇందుకే. ఒక చోట కొన్నాళ్ళు బతికినవాళ్ళకే ఆ నియమాలు ఒంటికి తగులుతాయి. పైగా పరాయి దేశంలో మొదటి రోజుల్లో మనిషి సగం గూఢచారిలాగే బతుకుతాడు. చుట్టుపక్కల మాటలు సగమే అర్థమవుతాయి కనుక ముఖాలు చదవడం నేర్చుకుంటాడు. తన యాస తనను పట్టిస్తుందని ఆచితూచి మాట్లాడతాడు. ఆదివారం దాదాపు దుకాణాలన్నీ మూసి ఉంటాయని తెలియక బయల్దేరి, ఖాళీ వీధిలో తానొక్కడే అందరికీ కనబడుతున్నానని కంగారుపడతాడు. అలవాటు పడ్డాక ఇవేవీ మనసుకు తట్టవు. అందుకే ఇప్పుడే, ఇంకా కొత్తగా ఉండగానే, ఏ రోజుది ఆ రోజు రాసిపెట్టుకో. డిసెంబరులో ఎన్ని గంటలకు చీకటి పడుతుందో, మీ మెట్ల మీద దీపం ఎంతసేపు వెలిగి ఆరిపోతుందో కూడా రాసుకో.

చూడని ఊరి గురించి రాస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక నిజమైన గూఢచారి ఉన్నాడు. స్పెయిన్‌కు చెందిన హువాన్ పుజోల్ 1941లో లిస్బన్‌లో కూర్చుని, ఇంగ్లండ్‌లో ఉన్నట్టు నటిస్తూ జర్మన్ నిఘావర్గాలకు నివేదికలు పంపేవాడు. ఆధారం ఒక పర్యాటక గైడు, గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో లీటరు వైన్ ఇస్తే ఏ పనైనా చేసిపెట్టేవాళ్ళు ఉన్నారని ఒక నివేదికలో రాశాడు. ఆ ఊళ్ళో మామూలుగా తాగేది వైన్ కాదని తెలిసినవారెవరైనా అక్కడే పట్టేసేవారు. జర్మన్లకు తెలియదు కాబట్టి నమ్మారు, అతను బతికిపోయాడు. 1942లో బ్రిటిష్‌వారు జర్మన్లను మోసగించే పనికే అతన్ని తమ దేశానికి రప్పించుకున్నారు. నీ పాఠకులలో మాత్రం ఆ ఊరివాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

గూఢచారి నవలలు రాసిన జాన్ లె కారే సంగతి నీకు తెలిసిందే. 1961లో బెర్లిన్ గోడ లేచినప్పుడు ఆయన అప్పటి పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో పనిచేస్తున్నారు. ఆయనకు పేరు తెచ్చిన బెర్లిన్ నవల 1963లో వచ్చింది. అంతటి ఆయన కూడా తర్వాత మరో నవలలో తన పాత్రను హాంకాంగ్ రేవును పడవలో దాటించి, సముద్రం కింద సొరంగ మార్గం వచ్చేసిందని ఆలస్యంగా తెలుసుకున్నారు. ఆ సొరంగం 1972లో తెరిచారు. అప్పటి నుంచి స్వయంగా వెళ్ళి చూడని చోటు గురించి రాయకూడదని నిశ్చయించుకున్నారు.

ఇక మూడో అధ్యాయంలో పోలీసులు ఒక దౌత్యవేత్తను అరెస్టు చేసి అతని దౌత్య సంచి, అంటే రాయబార కార్యాలయం కాగితాలు పంపే సంచి, విప్పుతారు. కుదరదమ్మా. దౌత్యవేత్తను అరెస్టు చేయకూడదని, దౌత్య సంచిని తెరవకూడదని, ఆపకూడదని 1961 నాటి ఒప్పందం చెబుతోంది. దానిమీద సంతకాలు జరిగింది మీ వియన్నాలోనే. మహా అయితే అతన్ని దేశం విడిచి పొమ్మనగలరు. పైగా ఆస్ట్రియా చట్టం చాలాకాలంగా ప్రధానంగా తన దేశానికి హాని చేసే గూఢచర్యాన్నే శిక్షిస్తూ వచ్చింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, చమురు ఎగుమతి దేశాల సంఘం ఒపెక్ వంటి సంస్థలు కూడా అక్కడే ఉన్నాయి కనుక అన్ని దేశాల మనుషులూ సహజంగా కలిసే ఊరు అది. 2010లో అమెరికా, రష్యా తమ గూఢచారులను మార్చుకున్నది ఆ ఊరి విమానాశ్రయంలోనే. నీ పోలీసు అధికారికి అంతా తెలుసు, సంచి ఎదురుగా ఉంది, చెయ్యి వేయలేడు. ఆ ఘట్టం అలా రాసి చూడు.

తాతగారి కాలపు ఉపకథలో జాగ్రత్త. 1945 నుంచి 1955 దాకా నగరం నాలుగు దేశాల సైన్యాల చేతిలో ఉండేది. నడిబొడ్డు ప్రాంతం అధికారం నెలకొకరి చొప్పున చేతులు మారేది. ఆ కాలంలో ఆయనను ఇప్పటి మెట్రో ఎక్కించకు, అది మొదలైంది 1978లో.

వీధులు, ట్రాములు, వేళలు నిజమైనవే ఉంచి, రహస్య స్థావరం ఉన్న భవనాన్ని మాత్రం కల్పించు. నీ ఆఫీసులో విన్నవి, సహోద్యోగుల జీవితాలు ఎంత ఊరించినా కథలోకి తేవద్దు. రాయబార కార్యాలయాల దగ్గర ఫొటోలు తీయకు, కంటితో చూసి ఇంటికి వచ్చి రాసుకో. అంతా అయ్యాక కథను అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు ఒకరికి ఇంగ్లీషులో వివరంగా చెప్పి, ఎక్కడ ఆగి ప్రశ్న వేస్తారో గుర్తుపెట్టుకో. నాలుగో అధ్యాయం అది పూర్తయ్యాకే పంపు, తొందరేమీ లేదు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న