ఘాట్‌లో ఇంజను ఆపొద్దు నాయనా

నాయనా,

సెకండ్ హ్యాండ్‌లో కారు తీసుకున్నావనీ, ఇకమీదట రాయచోటి నుంచి కడపకు నువ్వే నడుపుకుంటూ వస్తావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ మధ్యలో గువ్వలచెరువు ఘాట్ ఉంది, ఇటు వచ్చేటప్పుడు అంతా దిగుడే. పెట్రోలు మిగులుతుందని అక్కడ కొందరు న్యూట్రల్‌లో వదిలేస్తారు, కొందరు ఇంజనే ఆపేస్తారు. నువ్వు ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు. ఊరికే వద్దంటే మనసుకు పట్టదు. ఇన్నేళ్లు షెడ్డులో బ్రేకులు విప్పి బిగించినవాణ్ణి కాబట్టి కారణం కూడా రాస్తున్నా.

బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు వెనకగా చూడు. గుండ్రటి నల్ల రేకు డబ్బా ఉంటుంది, అదే బ్రేకుకు బలం కలిపే బూస్టర్. లోపల ఒక రబ్బరు పొర దాన్ని రెండు గదులుగా విడదీస్తుంది. ఇంజను నడుస్తున్నంతసేపూ ఆ రెండింట్లోని గాలినీ లాగేస్తుంటుంది. డీజిల్ బండికైతే దానికి వేరే పంపు ఉంటుంది. నువ్వు పెడల్ తొక్కగానే పెడల్ వైపు గదిలోకి బయటి గాలి దూరి, పొరను ముందుకు తోస్తుంది. ఆ తోపు నీ కాలి బలానికి కలిసి, బ్రేక్ ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌ను నొక్కుతుంది. అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్ ఆ ఒత్తిడిని నాలుగు చక్రాలకూ చేరుస్తుంది.

ఇంజను ఆపితే డబ్బాలో మిగిలిన వాక్యూమ్, అంటే గాలి లాగేసిన ఖాళీ, రెండు మూడు తొక్కులకే సరి. ఆ తర్వాత పెడల్ బిగుసుకుపోతుంది. బ్రేకు పోయినట్టు కాదు, కానీ ఒంట్లో బలమంతా పెట్టి తొక్కితే తప్ప బండి ఆగదు. మలుపులో ఎదురుగా లారీ వస్తుంటే ఆ తేడా ప్రాణం మీదికొస్తుంది. తాళంచెవి తీశావంటే స్టీరింగ్ కూడా లాక్ కావచ్చు. ఇంకో మాట, పెట్రోలును కంప్యూటరే కొలిచి చిమ్మే ఇప్పటి ఇంజెక్షన్ బండ్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే, దిగుడులో ఇంజనుకు పెట్రోలు పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే తాగుతుంది. మిగిలేది ఏమీ లేదు.

ఇక వెనక చక్రాలు. నీ కారులాంటి చిన్న కార్లలో ముందు డిస్కులు, అంటే రెండు పక్కలా ప్యాడ్లు నొక్కిపట్టే పళ్లేలు, వెనక గిన్నెల్లాంటి డ్రమ్ములు ఉంటాయి. డ్రమ్ములో షూలనే రెండు వంపు రేకులు లోపలి నుంచి బయటికి తెరుచుకుని డ్రమ్మును ఒరుసుకుంటాయి. అందులో ఒక షూను తిరిగే డ్రమ్మే తన వైపు లాక్కుంటుంది. తలుపు కింద పెట్టిన చెక్కముక్క, తలుపు తోసేకొద్దీ బిగుసుకున్నట్టు. అందుకే డ్రమ్ము తక్కువ ఒత్తిడికే బాగా పట్టుకుంటుంది. డిస్కుకు ఆ సాయం లేదు, కాబట్టే బూస్టర్ అంత అవసరమైంది.

డ్రమ్ముకున్న ఇబ్బంది వేడి. మూసి ఉంటుంది కాబట్టి తొందరగా చల్లారదు. వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా లోపలికి పోతుంది. షూల మీద ఒరుసుకునే పొర, లైనింగ్ కూడా పట్టు తప్పుతుంది. దీనికి పాత బ్రేక్ ఆయిల్ తోడైతే మరీ ప్రమాదం. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరి, ఎంత తొక్కినా కాలు కిందికి పోతుందే తప్ప చక్రం పట్టదు. రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చి, పైపుల్లో చేరిన ఎయిర్ తీయించు.

కాబట్టి ఘాట్ మొదలు కాకముందే మూడో గేరుకో రెండో గేరుకో వచ్చెయ్. బండిని ఇంజనే పట్టి ఉంచాలి. బ్రేకు మీద కాలు ఆనించి రుద్దుతూ రాకు. గట్టిగా తొక్కి వేగం తగ్గించు, పూర్తిగా వదులు, మళ్లీ అవసరమైతే తొక్కు. కాలిన వాసన వస్తే వెడల్పుగా ఉన్నచోట పక్కకు ఆపి, గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టు. వేడి మీద నీళ్లు మాత్రం పొయ్యకు, డ్రమ్ము పగలొచ్చు. దానంతట అదే చల్లారనీ, అరగంట ఆలస్యమైతే ఏమీ కాదు.

ఎప్పుడైనా పెడల్ కిందికి పోతే టెన్షన్‌లో ఇంజను ఆపెయ్యకు. గబగబా నాలుగైదుసార్లు తొక్కు, ఒత్తిడి కాస్త తిరిగి రావచ్చు. గేర్లు ఒక్కొక్కటే దించుతూ, హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కిపట్టి మెల్లగా లాగు. అది కేబుల్‌తో పనిచేస్తుంది, ఆయిల్‌తో పని లేదు.

రేపు పొద్దున బండి తీసేముందు ఒక పరీక్ష చెయ్. ఇంజను ఆపి ఉండగానే పెడల్ గట్టిపడేదాకా తొక్కు. కాలు దాని మీదే ఉంచి స్టార్ట్ చెయ్. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టు. దిగకపోయినా, తొక్కినప్పుడు బుస్సుమని శబ్దం ఆగకుండా వస్తున్నా ఘాట్ దిగే పని పెట్టుకోకు. నాకు ఫోన్ చెయ్, నేనే రాయచోటి వస్తా. వెనక డ్రమ్ములు కూడా విప్పి చూద్దాం. షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు కొద్దిగా ఎత్తితే లోపల తడి ఉందో లేదో తెలిసిపోతుంది. తడి ఉంటే సీళ్లు పోయినట్టే, అదే రోజు మార్చేద్దాం.

మీ పెద్దనాయన
కడప