డర్ట్ బైకులకు మూసిన బండి తీసుకుంటున్నారా? కంపెనీ తర్వాత, ముందు బండి లోపలి నేల చూడండి

ఈ ఫోరంలో ప్రశ్న అడిగినవారు బెంగళూరులోనే ఉంటున్నారు. ఇంట్లో రెండు డర్ట్ బైకులున్నాయి, అంటే మట్టి దారుల్లో నడిపే బైకులు. అమెరికాలో స్నోమొబైళ్ళను (మంచు మీద నడిపే బళ్ళను) తీసుకెళ్ళే మూసిన ట్రైలర్ లాంటిది ఇక్కడ చేయించుకోవచ్చా, ఎంత సైజు కావాలి, ఏ కంపెనీ బండి మంచిది అని అడిగారు. కింద వచ్చిన జవాబులన్నీ కంపెనీ పేర్ల మీదే కొట్టుకుంటున్నాయి. బైకుని లోపల దేనికి కడతారో ఒక్కరూ అడగలేదు. నేను దాని గురించే రాస్తాను.

నేను చాలా ఏళ్ళుగా పీణ్యలో షీట్ మెటల్ పనిలో ఉన్నాను. మా తమ్ముడి కొడుకు సూపర్‌క్రాస్ (మట్టి ట్రాక్ మీద డర్ట్ బైకుల పోటీ) నడుపుతాడు. వాడి బైకుకి నంబరు ప్లేటు ఉండదు, రోడ్డు మీద నడపడానికి అనుమతి లేదు. ప్రాక్టీసుకి కోలార్ వైపు వెళ్ళినా, పోటీకి కోయంబత్తూరు వెళ్ళినా వేరే బండిలో వేసుకుని పోవలసిందే. ఆ ఎక్కించడం, కట్టడం, దించడం అంతా మా ఇంట్లో నా పని.

స్నోమొబైల్ ట్రైలర్ మాటకొస్తే, మా అక్క కొడుకు మిన్నెసోటాలో ఉంటాడు, వాడి దగ్గర ఒకటి ఉంది. చలికాలమంతా అక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు తగిలితే ఇనుము తుప్పు పట్టిపోతుంది కాబట్టి అల్యూమినియం ఫ్రేము, మూసిన పెట్టె అడుగుతారు. స్నోమొబైల్ పదడుగుల దాకా పొడవు, ఇంచుమించు నాలుగడుగుల వెడల్పు, బరువు 200 కేజీల పైమాటే. పాత మోడళ్ళు చాలావాటికి రివర్స్ ఉండదు. అందుకే వెనక తలుపులోంచి ఎక్కించి ముందు తలుపులోంచి దించేలా రెండువైపులా ర్యాంపులు పెడతారు. రెండు బళ్ళు పక్కపక్కన పట్టాలంటే ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు ట్రైలర్ తీసుకుంటారు. మనకి ఇవేవీ అక్కర్లేదు. డర్ట్ బైకుని ఇద్దరు పట్టుకుని వెనక్కి తోసేయొచ్చు. మనకు కష్టం ఉప్పుతో కాదు, బురదతో, ఎండతో, స్పీడ్ బ్రేకర్లతో. అయితే వాళ్ళ దగ్గర తప్పకుండా నేర్చుకోవలసింది ఒకటుంది. స్నోమొబైల్ ముందు చక్రాల బదులు ఉండే స్కీల (పొడవాటి పట్టీల) మీద అడ్డంగా ఒక కడ్డీ వేసి దాన్ని నేలకి బిగించేస్తారు. అంటే ఆ నేల బరువు పట్టేలా కట్టి ఉంటుంది. మన దగ్గర నేల గురించి ఎవరికీ పట్టదు.

ఇక్కడ కారు వెనక ట్రైలర్ తగిలించుకుని తిరగాలన్న ఆలోచన వదిలేయండి. చట్టం ప్రకారం ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. అదంతా అయినా సిల్క్ బోర్డు జంక్షన్‌లో పన్నెండడుగుల ట్రైలర్‌తో లేన్ మారడం ఎలాగో ఒకసారి ఊహించుకోండి. పికప్ మీద కంటైనర్ బాడీ (మూసిన రేకు పెట్టె) ఉన్నదే మనకు సరైనది. ఉన్న పికప్ బాడీ కోయించి పెట్టె కట్టించే ముందు ఆర్టీవోలో అడగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మీ ఇష్టానికి మార్చకూడదు. కొత్తది కొనేటప్పుడే కంటైనర్ బాడీతో రిజిస్టర్ చేయించుకుంటే ఈ టెన్షన్ ఉండదు. లైసెన్స్ గురించి చాలామంది భయపెడతారు. మొత్తం బరువు 7,500 కేజీలు మించని రవాణా బండిని మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది.

ఇక నేల దగ్గరికి వస్తాను. ఆ రోజు జరిగింది చెబితే నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో మీకే తెలుస్తుంది.

కోయంబత్తూరు పోటీకి ఒక కంటైనర్ పికప్ అద్దెకి తీసుకున్నాం. బయటికి చూస్తే కొత్త పెళ్ళికొడుకులా ఉంది బండి. తెల్ల రంగు, పక్కన పెద్ద అక్షరాలు, లోపల వరసగా ఎల్ఈడీ లైట్లు. నేలకి ప్లైవుడ్ వేసి పైన గళ్ళ రబ్బరు షీటు పరిచారు. నాలుగు మూలలా మెరిసే హుక్కులు. బైకుల కోసమే ప్రత్యేకంగా చేయించానని ఓనరు చెప్పాడు. రెండు బైకులూ ఎక్కించి, హ్యాండిళ్ళకి రాచెట్ బెల్టులు (లివరుతో బిగించేవి) వేసి ఆ హుక్కులకే బిగించాం. హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి దాకా ఏ ఇబ్బందీ లేదు.

ధర్మపురి దాటి సేలం వైపు వెళ్ళేటప్పుడు తొప్పూరు ఘాట్ వస్తుంది. ఆ దారిలో తిరిగేవాళ్ళకి దాని పేరు చెబితే చాలు. దిగుడు, మలుపులు, ముందూ వెనకా లోడు లారీలు. మా డ్రైవరు జాగ్రత్తగా రెండో గేరులోనే దిగుతున్నాడు. ముందున్న ట్యాంకర్ ఒక్కసారి ఆగేసరికి బ్రేక్ గట్టిగా తొక్కాడు. లోపల ధడాలుమని చప్పుడు. తర్వాత మలుపు మలుపుకీ ఇనుము రేకుని గీకుతున్న శబ్దం. ఘాట్‌లో ఆపడానికి చోటు లేదు. పిల్లాడు నా పక్కన కూర్చుని డాష్‌బోర్డు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కిందకి దిగాక ఒక టీ కొట్టు పక్కన ఆపాం.

తలుపు తీయగానే పెట్రోలు వాసన గుప్పుమని ముఖాన కొట్టింది. ఎడమవైపు బండి పడి పక్క బండి మీద వాలిపోయింది. క్లచ్ లివరు విరిగింది, రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ తొడుగు నొక్కుకుపోయింది. పడిన బండి ట్యాంకు గొట్టంలోంచి చుక్కచుక్కగా పెట్రోలు కారుతోంది. వెనక ఎడమ మూల హుక్కు బెల్టు చివర వేలాడుతోంది, దానికి నాలుగు స్క్రూలూ అలాగే ఉన్నాయి. స్క్రూ మరల మధ్య ప్లైవుడ్ పొట్టు ఇరుక్కుని ఉంది. రబ్బరు షీటు ఎత్తి చూశాను. స్క్రూలు 18 ఎంఎం ప్లైవుడ్‌లోకి మాత్రమే దిగాయి. కింద అడ్డంగా వెళ్ళే ఇనుప చానల్ (బరువు మోసే దూలం) అక్కడికి జానెడు దూరంలో ఉంది. దానికి ఒక్క స్క్రూ కూడా తగల్లేదు.

పక్కనే అనంతపురం నుంచి చీనీకాయల లోడుతో మదురై పోతున్న లారీ ఆగి ఉంది. ఆ డ్రైవరు టీ గ్లాసు పట్టుకునే వచ్చి లోపలికి తొంగి చూశాడు. మా తెలుగు వినబడింది కాబోలు.

"చెక్కకు కడితే ఎట్ల నిలబడుతుందన్నా? ఇనుముకి కట్టాల," అన్నాడు.

గ్లాసు పక్కన పెట్టి, వాళ్ళ లారీలోంచి మోకు తెచ్చాడు. మేం బండిని లేపి నిలబెట్టాం. కంటైనర్ గోడల్లో నిలువుగా బయటికి కనిపిస్తున్న పక్కటెముకల్లాంటి చానళ్ళు ఉంటాయి కదా, వాటి వెనక నుంచి మోకు దూర్చి, టార్పాలిన్ కట్టే ముడి వేసి, కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. బైకు ముందు చక్రం మీదుండే ఫోర్కు (షాక్ అబ్జార్బర్) కిందికి దిగడం కళ్ళారా చూశాను. "ఇంకా దిగనీయద్దు, సీళ్ళు పోతాయి" అని మా పిల్లాడు అరిచాడు. సగం దిగేసరికి ఆపి ముడి బిగించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "మా ఊరి పిల్లోడే గదన్నా, గెలిచి రమ్మనండి" అన్నాడు. ఆ మోకుతోనే కోయంబత్తూరు చేరాం, ఆ మోకుతోనే వెనక్కి వచ్చాం. ఎక్కడా ఒక అంగుళం కదల్లేదు. బండి ఓనరుకి ఫోన్ చేస్తే బ్రేక్ గట్టిగా వేయడం మీ డ్రైవరు తప్పన్నాడు. డ్రైవరు ఆయన మనిషే.

అప్పటినుంచి నాకు మూసిన బండి అంటే నాలుగు గోడలూ పైకప్పూ కాదు. ఏ బండి చూసినా ముందు కింద దూరి, అడుగు నుంచి నేల చూస్తాను. హుక్కు ఉన్నచోట కింద నట్టు కనబడాలి. నట్టుకీ ప్లైవుడ్‌కీ మధ్య కనీసం అరచేయంత ఇనుప ప్లేటు ఉండాలి, లేదా బోల్టు నేరుగా చానల్‌లోంచే రావాలి. స్క్రూ మొన కనబడిందంటే ఆ బండి వద్దు. ఎంత తక్కువ అద్దె చెప్పినా వద్దు.

సైజు అడిగారు కాబట్టి చెబుతాను. బరువుతో మీకు పేచీ లేదు. కవాసాకి కేఎక్స్ 250 లాంటి బండి 108 కేజీలు ఉంటుంది, రెండు కలిపినా ఏ చిన్న పికప్ అయినా మోస్తుంది. పొడవు దగ్గరే చిక్కు. ఆ బండి 2,180 ఎంఎం పొడవు. టాటా ఏస్ లాంటి వాటి బాడీ ఏడడుగులు కాస్త దాటుతుంది, అంటే చక్రం తలుపుకి ఆనుకుని ఉంటుంది. బెల్టు ముందుకి, వెనక్కి ఏటవాలుగా లాగడానికి జాగా మిగలదు. నిలువుగా కిందికి కట్టిన బెల్టు బ్రేక్ వేసినప్పుడు దేన్నీ ఆపదు. అందుకని ఎనిమిదిన్నర, తొమ్మిదడుగుల నేల ఉన్నది చూడండి. వెడల్పుకి హ్యాండిల్‌తో లెక్క వేయండి, అది 820 ఎంఎం. ఐదున్నర అడుగుల వెడల్పులో రెండు హ్యాండిళ్ళు సరిగ్గా పక్కపక్కన వస్తే రాసుకునేంత దగ్గరగా ఉంటాయి. ఒక బండి ముందుకి, రెండోది వెనక్కి తిప్పి పెడితే హాయిగా పడతాయి. ఎత్తు మాత్రం బైకుకి చూడకండి, కట్టే మనిషికి చూడండి. నాలుగున్నర అడుగుల ఎత్తు బైకుకి సరిపోతుంది. కానీ వంగి, నడుము విరుచుకుని బెల్టు లాగే మనిషి ఎప్పుడూ సగమే లాగుతాడు. ఆరడుగులు ఉండాల్సిందే.

ర్యాంపు కూడా అంతే. పికప్ నేల భూమికి రెండుమ్ముప్పావు అడుగుల ఎత్తులో ఉంటే, ఆరడుగుల ర్యాంపు 27 డిగ్రీల వాలు. వానలో తడిసిన బురద చక్రం దాని మీద జారుతుంది. ఎనిమిదడుగులదైతే 20 డిగ్రీలు, ఇద్దరు సులువుగా తోసేయొచ్చు. మడిచే ర్యాంపు తీసుకుంటే లోపలే గోడకి బిగించవచ్చు. గళ్ళ ఇనుప రేకు నేలగా వేయించమని చాలామంది చెబుతారు. ఎండినప్పుడు బాగానే ఉంటుంది, తడి బురద మీద బూటు వేసి చూడండి. మందపాటి ప్లైవుడ్, దాని మీద రబ్బరు, కింద ఇనుము. నాకు ఇదే నచ్చుతుంది.

పెట్రోలు సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కింద పేరుకుంటుంది. పైకప్పుకి ఒక ఫ్యాను పెట్టి గాలి వస్తుందనుకుంటారు. గోడ అడుగున, నేలకి దగ్గరగా జాలీ ఉండాలి. పైన ఇంకొకటి ఉంటే మంచిది. ఎక్కించే ముందు పెట్రోలు ట్యాప్ ఉన్న బైకైతే ఆ ట్యాప్ మూసేయండి, ట్యాంకు నిండుగా పోయించకండి. ఏప్రిల్ ఎండలో రేకు పెట్టెలో ఆ వాసన మీద ఎల్ఈడీ లైట్ల వైరు స్పార్క్ వస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి, మీ అపార్ట్‌మెంట్ వాళ్ళని కూడా ముందే అడగండి. కంటైనర్ బాడీ ఎత్తుకి బేస్‌మెంట్ పైపులు తగులుతాయి. పసుపు బోర్డు బండి చూస్తే అసోసియేషన్ వాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారు. మా వీధిలో ఒకాయన బండి కొన్నాక పార్కింగ్ దొరక్క రోజూ రెండు కిలోమీటర్లు నడిచి వెళ్ళి తెచ్చుకుంటున్నాడు. లక్షలు పోసి కొన్న బండి, పిల్లల ఆట కోసం కొన్న బండి, ఇంటి ముందు నిలపడానికి లేదు. ఈ ఊరిలో ఆటలకి స్టేడియాలు కట్టమని అడిగేవాళ్ళున్నారు, ఆటగాడి సామాను పెట్టుకునే జాగా గురించి అడిగేవాళ్ళే లేరు. నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అందుకే, నెలకి ఒకసారి వెళ్ళేవాళ్ళైతే కొనకండి, అద్దెకి తీసుకోండి. మీ సొంత బెల్టులు, హ్యాండిల్‌కి చుట్టే మెత్తటి లూపులు, నాలుగు ఐ-బోల్టులు (తలకి రింగు ఉన్న బోల్టులు), ప్లేట్లు సంచిలో పెట్టుకుని వెళ్ళండి. ఓనరు ఒప్పుకుంటే నేలకి రంధ్రాలు వేసి పక్కాగా బిగించుకోవచ్చు, ఒప్పుకోకపోతే గోడ చానళ్ళకి కట్టండి. వారం వారం తిరిగేవాళ్ళైతే సొంతం చేసుకోండి.

మీ బైకుల మోడల్, చూసిన బండి బాడీ లోపలి పొడవు, వెడల్పు కింద రాయండి. అడుగున చానళ్ళు ఎక్కడెక్కడ వస్తున్నాయో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెడితే హుక్కులు ఏ చోట రావాలో గీసి పంపిస్తాను.